మొరం బాట మీద పెళ్లిచూపులకు

ఏ పుస్తకం చదివితే ఆ పుస్తకంలోకి కాపురం మార్చేసే రోజులవి. ఇంటర్‌తో చదువు ఆపేసి వరంగల్ కాశిబుగ్గలో ఒక జిరాక్స్, డీటీపీ సెంటర్లో పనికి కుదిరిన నేను, సాయంత్రం షట్టరు దించగానే లైబ్రరీకి పోయేవాణ్ణి. వాళ్లు లైట్లు ఆర్పేదాకా కదిలేవాణ్ణి కాదు. నా ఇంగ్లీషంతా అక్కడి కుర్చీలో, ఒళ్లో డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నదే (అందుకే ఇప్పటికీ చాలా మాటలకు అర్థం తెలుసు, ఎలా పలకాలో తెలియదు). ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'లైబ్రరీ' అనేవారు. "లైబ్రరీ తిన్నడా?" అని మా మేనమామ అడిగితే, "ఇంక రాలే" అనేది అమ్మ. వాళ్లకది వెక్కిరింత. నాకు మాత్రం బిరుదు.

అప్పుడే ఎవరో విరాళమిచ్చిన పుస్తకాల కట్టలో బరువైన రంగుల పుస్తకం ఒకటి నా కంటబడింది. ఇంగ్లండు పల్లెల్లో సైకిల్ తొక్కే దారుల గురించిన పుస్తకం. తారు రోడ్లు కాదు, కంకర బాటలు. వాటి కోసం గ్రావెల్ బైక్ అని వేరే సైకిలే ఉంటుందట. పేజీ తిప్పితే చాలు, దుప్పటి కింద ఎవరో పడుకున్నట్టు మెత్తగా లేచి దిగే పచ్చని మిట్టలు, చేనుకూ చేనుకూ మధ్య పొదల కంచెలు, కంచెకో చెక్క గేటు, గేటు అవతల తెల్లటి గొర్రెలు, ఎక్కడో దూరంగా చర్చి గోపురం. ఆ బొమ్మలు చూస్తూ చూస్తూ ఒక సాయంత్రం ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాను. గ్రావెల్ అంటే మన మొరమే కదా! గొర్రెలు మనకూ ఉన్నాయి. మిట్టలకు బదులు గుట్టలున్నాయి. చర్చి గోపురాల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, తాతల నాటి నుంచి ఆదివారం బెంచీ మీద కూర్చునే ఇల్లు మాది. ఇంగ్లండులో ఉన్నదంతా వరంగల్ చుట్టూ ఉంది, చూసేవాళ్లే లేరు!

వెంటనే ఒక పాత గేరు సైకిల్ కొన్నాను (గేర్లు ఉండేవి, మారేవి కావు). ఖిలా వరంగల్ మట్టికోట మీద ఎక్కుతూ దిగుతూ సాధన చేశాను. ఇక అసలైన ప్రయాణం ఒకటి కావాలి కదా అని చూస్తుంటే, మా చర్చి అయ్యగారు పరకాల దగ్గర ఒక పల్లెలో నాకు సంబంధం చూశారు. శనివారం పొద్దున పెళ్లిచూపులు. అమ్మ, మేనమామ, అయ్యగారు ఆటోలో బయల్దేరాలని అనుకున్నారు. నేను సైకిల్ మీద వస్తానన్నాను.

"పెండ్లిచూపులకు సైకిల్ మీద పోతవారా? దిమాఖ్ ఖరాబైందా నీకు?" అంది అమ్మ.

"పోనియ్యక్కా," అన్నాడు మేనమామ. "వాడు ఆటోల కూసుంటే పరకాల దాక ఇంగ్లండు ముచ్చటే వినాలె. జర మన చెవులకన్న సుఖముంటది."

తెల్లవారకముందే బయల్దేరాను. ఊరు దాటి, తారు రోడ్డు వదిలి, కాల్వ కట్ట మీది మొరం బాట ఎక్కిన ఆ క్షణం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. టైర్ల కింద మొరం కరకరమంటూ నలుగుతున్న చప్పుడు. కుడివైపు కాల్వ నీళ్ల మీద ఎర్రెర్రగా పొద్దు పొడుస్తోంది. ఎడమవైపు పత్తి పగిలి, చేలకు చేలే నురగలు కక్కుతున్నాయి. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ములొచ్చినా సైకిల్ ఆపబుద్ధి కాలేదు. నున్నటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న గుట్ట దగ్గర దిగి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయేదాకా ఫొటోలు తీశాను. ఆ పుస్తకం రాసిన దొర ఈ బాట చూసి ఉంటే తన పుస్తకంలో రెండు పేజీలు చించి మనకు చోటిచ్చేవాడని ఈనాటికీ నా నమ్మకం.

ఆ దొర చెప్పిన ఒక నియమం నాకెంతో నచ్చింది. పొలాల గుండా పోయేవాడు తాను దాటిన గేటును మూసి మరీ పోవాలట. ఎంత సంస్కారం! మన చేలకు గేట్లెక్కడివి, పశువులు పడకుండా బాటకు అడ్డంగా తుమ్మకంప లాగుతారు. బండి పోయేటప్పుడు పక్కకు తీస్తారు. ఆ పొద్దు పత్తి ట్రాలీల కోసం కాబోలు, కంపలన్నీ పక్కకు తీసే ఉన్నాయి. నేను దాటిన ప్రతిచోటా సైకిల్ దిగి, కంపను లాగి బాటకు అడ్డం వేసి, చేతులు దులుపుకుని ముందుకు పోయాను. ముళ్లు గుచ్చుకున్నా లెక్కచేయలేదు.

అమ్మాయి వాళ్లింటి ముందు దిగేసరికి నా బట్టల అసలు రంగేమిటో నాకే గుర్తులేదు. వాళ్ల నాన్న కంగారుగా ఎదురొచ్చాడు. "ఒక్కనివే వచ్చినవా బాబూ? పెద్దమనుషులేరి?"

"ఎనుక ఆటోల వస్తాండ్రు."

ఆయన వాళ్లకోసం రోడ్డు మీదికి పోయాడు. అమ్మాయి నాయినమ్మ మంచం మీద ఎల్లిపాయలు ఒలుస్తూ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "కాళ్లు కడుక్కో బిడ్డా. మొఖం గూడ. మొఖమే జర ఎక్కువ కడుక్కో."

పెద్దలు రాకముందు పిల్ల బయటికి రాకూడదు. కానీ నీళ్లిచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి ఆ అమ్మాయే చెంబు తెచ్చింది. మర్యాదకు ఒక్క మాట అడిగింది: "తొవ్వ మంచిగున్నదా?"

లైబ్రరీని అలా అడగొచ్చా? మొదలుపెట్టాను. కాల్వ కట్ట, పత్తి, బండల గుట్ట, ఇంగ్లండు మిట్టలు, గ్రావెల్ టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి. గేట్ల సంస్కారం గురించైతే ప్రత్యేకంగా, చేతుల మీది గీతలు చూపిస్తూ చెప్పాను. నాయినమ్మకు కునుకు పట్టింది. ఎల్లిపాయ పొట్టు గాలికి ఎగురుతోంది. ఆ అమ్మాయి గడపకు ఆనుకుని వింటూనే ఉంది.

ఎంతో సేపటికి ఆటో వచ్చింది, అదీ రోడ్డు వైపు నుంచి కాదు, చేలల్లోంచి. ముందు అయ్యగారు దిగారు. తెల్ల లాల్చీ చేయి మోచేతి దాకా చిరిగి వేలాడుతోంది. వెనక అమ్మ, చీర కొంగుకు తుమ్మ రెమ్మతో. చివరికి మేనమామ, కోపంతో ఊగిపోతూ. తారు రోడ్డు తవ్వారని డ్రైవరు కాల్వ కట్ట బాట పట్టాడట.

"బాట పొడుగూత కంపలే! ఒకటి తీస్తే ఇంకోటి! మేం వస్తానమని తెల్సే ఏసిండ్రు," అన్నాడు మేనమామ, అప్పుడే రోడ్డు మీదినుంచి పరుగున వచ్చిన అమ్మాయి నాన్నతో. "ఈ సంబంధం పడనోళ్లున్నరా మీ ఊర్లె?"

"మా ఊరి మీద మాటనకుండ్రి," అన్నాడు ఆయన, ముఖం ఎర్రబడి.

"మంచి పనికి పోతాంటె ముండ్లు అడ్డం వచ్చినయ్. నా మనసు ఒప్పుతలేదు, పోదాం పా," అంది అమ్మ. (శకునాలు నమ్మొద్దని అయ్యగారు ప్రతి ఆదివారం చెప్పేవారు, అమ్మ ప్రతి ఆదివారం తలూపేది.)

నోరు తెరిస్తే మేనమామ చంపుతాడు, తెరవకపోతే సంబంధం పోతుంది. నిజం తెలిసినవాళ్లు ఆ వాకిట్లో ఇద్దరమే. ఆ రెండో మనిషి గడప దగ్గరినుంచి ఒక అడుగు ముందుకేసింది.

"ఒక్క మాట అడుగుత," అంది నాతో, చాలా మర్యాదగా. "ఇంగ్లండ్ల, ఎనుక మనోళ్లు వస్తాంటె గూడ గేట్లు మూసుకుంటనే పోతరా?"

మేనమామ నా చేతుల మీది గీతలు చూశాడు. తన చేతుల మీదివి చూసుకున్నాడు. "ఓరి లైబ్రరీ!" అని చెప్పు కోసం వంగుతుంటే, అయ్యగారు పక్కున నవ్వేశారు, చిరిగిన చేయి ఊపుకుంటూ, ఆపుకోలేక. నాయినమ్మ లేచి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. తర్వాత అమ్మ. చివరికి వాళ్ల నాన్న.

(పుస్తకంలో పేజీ తిప్పితే ఇంకో వాక్యం ఉందని ఆ తర్వాతి వారం తెలిసింది: తెరిచి ఉన్న గేటును తెరిచే వదలాలి. ఆ పేజీ దగ్గరే నాకు గ్రావెల్ అంటే మొరమని తట్టి, పుస్తకం మూసేశాను మరి.)

టీలు అయ్యాక వాళ్ల నాన్న గొంతు తగ్గించి అడిగాడు. "ఏమంటవు బిడ్డా? ఇష్టమేనా?"

"తొవ్వల ఏమేం చూసిండో అన్నీ చెప్పిండు నాయినా," అంది ఆ అమ్మాయి. "పత్తి చూసిండు, గుట్ట చూసిండు, కాల్వ చూసిండు. నన్నొక్కదాన్నే చూడలే. ఇంకోసారి రమ్మను."

నిజమే. అంతసేపు మాట్లాడి, ఆమె ముఖం ఎలా ఉందో ఎవరైనా అడిగితే చెప్పలేని స్థితిలో ఉన్నాను. తలెత్తి చూశాను. ఇంకోసారి రావడానికి ఇంగ్లండు అక్కర్లేదనిపించింది.

మొన్న ఆదివారం స్కూటర్ మీద మా అత్తగారింటికి పోతుంటే, కాల్వ కట్ట దగ్గర కొందరు కుర్రాళ్లు, తలకు హెల్మెట్లు, కింద అసలుసిసలు గ్రావెల్ సైకిళ్లు, దారి అడిగారు. నేను గొంతు సవరించుకుని ఇంగ్లండు మిట్టల దగ్గర మొదలుపెట్టబోయాను. వెనక కూర్చున్న ఆమె నా భుజం తట్టింది. "జర ఊకో. పిలగాండ్లను పోనియ్యి."

పోనిచ్చాను. ఎర్రటి దుమ్ము రేపుతూ, మొరం కరకరలాడిస్తూ, అటూ ఇటూ తలలు తిప్పి అన్నీ చూసుకుంటూ పోయారు వాళ్లు. దుమ్ము అణిగేదాకా స్కూటర్ స్టార్ట్ చేయలేదు నేను. వాళ్లలో ఎవడైనా ఎవరినైనా చూడటానికే బయల్దేరి ఉంటాడా అని ఆలోచిస్తున్నాను.