ఉప్పుగాలికి కొబ్బరినూనె

మాస్టారు పోయారన్న కబురు టెక్కలిలో నా రిపేరు దుకాణంలో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది మా అమ్మ. "మాస్టారు ఎలిపోనారు రా. పొద్దున్న టీ తాగి, గలాసు కడిగీసి, కుర్సీలో కూసున్నారు. అంతే" అంది. గ్లాసు కూడా కడిగేశారట. ఎవరికీ పని మిగల్చకుండా వెళ్లడం ఆయనకు తగినట్టే ఉంది. విప్పి ఉన్న కంప్యూటరును అలాగే పక్కన పెట్టి, షట్టరు దించి, మా ఊరు భావనపాడు వెళ్లే బస్సెక్కాను.

ఆయన మీలో చాలామందికి తెలియరు. మా పక్కింట్లో అద్దెకుండేవారు. మా ఊరి బడిలో లెక్కలు చెప్పేవారు. ఒంటరి మనిషి. రిటైరయ్యాక నిమ్మాడలో తమ్ముడి దగ్గరికి పోతారనుకున్నాం గానీ పోలేదు. మాట పొదుపు. తిడితే కూడా ఒక్క మాటతో సరిపెట్టేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. సముద్రపు గాలి మా ఊళ్లో ఇనుమును బతకనివ్వదు. తాళాలకూ సైకిలు చైన్లకూ అందరం కొబ్బరినూనె రాస్తాం. మాస్టారు అక్కడితో ఆగేవారు కాదు. ఆదివారం పొద్దున్నే చిన్న సీసా, పాత బనీను ముక్క పట్టుకుని గేటు మడతబందులు, గొడుగు ఊచలు, ఆఖరికి కళ్లజోడు మరలు కూడా తుడిచేవారు. "ఉప్పుగాలికి కొబ్బరినూనే మందు" అనేవారు. ఆయన గేటు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో పక్కింట్లో ఉన్న మాకే తెలిసేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన మేనల్లుడు తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు. వైరు గోడకు తగిలించి ఉన్నంతసేపూ బాగానే నడిచేది. వైరు పీకితే టప్పున ఆరిపోయేది. బాగు చేస్తానంటే, "గుంజకి కట్టిన ఆవు. అక్కడే మేత్తాది, ఒగ్గేయ్" అన్నారు. నేనూ వదిలేశాను.

అది గుంజ విప్పుకోవలసిన రోజు ఒకటి వచ్చింది. మా ఊరి మగవాళ్లు చేపలవేటకు గుజరాత్ బోట్ల మీదకు పోతారని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడు అక్కణ్ణుంచి తిరిగొచ్చిన ఒకతను, అక్కడి రేవులో మావాళ్లు ఒక్కొక్కరే నిలబడి మాట్లాడిన వీడియో సీడీ తెచ్చాడు. సరిగ్గా అప్పుడే గాలికి స్తంభాలు పడిపోయి ఊళ్లో కరెంటు లేదు. మర్నాడు అతను సీడీ పట్టుకుని కంచిలి వైపు పోవాలి. అక్కడివాళ్లూ ఎదురుచూస్తున్నారు.

చేపలు ఎండబెట్టే చోట పనిచేసే ఒకామె పాపను చంకనేసుకుని మాస్టారి దగ్గరికి వచ్చిందట. పాప కడుపులో ఉండగా వెళ్లాడు ఆమె మొగుడు. "మాస్టారు బాబూ, మీ పెట్టిలో సీడీ ఆడుతాదంట కదా. దీనికి దాని నాన్నని ఒక్కపాలి సూపించరా?" అని అడిగింది. ఈయన చూపిస్తానని మాటిచ్చేశారు.

వెంటనే గుడ్డసంచిలో లాప్‌టాప్ పెట్టుకుని ఆ పొద్దున్నే నా దుకాణానికి వచ్చారు. ఇక్కడ కరెంటుంది, ఆమెను టెక్కలికే రమ్మంటే పోయేదిగా అన్నాను. "మబ్బుగా ఉంది. ఎండేసిన సేపలొగ్గేసి వత్తాదేటి?" అన్నారు.

వైరు మార్చి చూశాను, తేడా లేదు. తెర మూలన బ్యాటరీ గుర్తే కనిపించడం లేదు. అసలు బ్యాటరీ ఉన్న సంగతే మిషనుకు తెలియదన్నమాట. వెనక్కి తిప్పి, గొళ్లెం జరిపి, బ్యాటరీ బయటికి తీశాను. దుకాణమంతా కొబ్బరినూనె వాసన. కరెంటు అందుకునే రాగిరేకుల మీద నూనె, దుమ్ము కలిసి జిగురులా గడ్డకట్టాయి.

"మాస్టారూ, దీనికి కూడానా?"

"తుప్పు పడతాదని రాసినాను. తప్పే. ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు" అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఒక్క మాట ఖర్చు పెట్టి, మిగతావి పనికి దాచుకునే మనిషి.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. జిగురు కొంత వదిలింది, కొంత వదల్లేదు. మాస్టారు చొక్కా జేబులోంచి పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు తీసి ఇచ్చారు. దాంతో రుద్దితే రేకులు మెరిశాయి. బ్యాటరీ బిగించి వైరు పెట్టగానే పసుపు దీపం వెలిగింది. మధ్యాహ్నం దాకా చార్జి ఎక్కించి వైరు పీకాను. తెర ఆరలేదు. మాస్టారు నవ్వలేదు గానీ ఆ వైరును చుట్టి చుట్టి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు.

పాత బ్యాటరీ, ఎంతసేపు ఆగుతుందో చెప్పలేనని, ఆయనతో పాటే నేనూ ఊరికి వెళ్లాను. వలలు కుట్టే పాకలో గోనెలు అడ్డం కట్టి చీకటి చేశారు. ఆడవాళ్లంతా కూర్చున్నారు. సీడీలో ఆ పాప తండ్రి ఆఖరున ఉన్నాడు. ఎవరిది ముందు వెయ్యాలని మాస్టారు అడిగారు. ఒక ముసలామె అంది: "మా వోళ్ల మొకాలు మాకెరికే. ఆ గుంట దాని నాన్నని సూడనేదు. ముందు దానికెయ్యి."

వేశాను. ఎండకు మాడిన కుర్రాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. "పాపా, నానే మీ నాన్నని. అమ్మని ఏడిపించకు, ఏటి?" అన్నాడు. పాప తెర మీద అరచెయ్యి వేసి కొట్టింది. తల్లి ఆ చెయ్యి తియ్యలేదు.

తర్వాత మొదటినుంచీ వేస్తే కొందరే కనిపించారు. ముసలామె కొడుకు రాకముందే తెర ఆరిపోయింది. "పోన్లే" అని లేచి చేపల దగ్గరికి వెళ్లింది. కరెంటు వచ్చాక మాస్టారు కంచిలి వెళ్లి, ఇల్లిల్లూ అడిగి, ఆ సీడీ పట్టుకొచ్చి ఆమెను తన ఇంట్లో కూర్చోబెట్టి చూపించారు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. ముసలామె చెప్పింది.

మొన్న పెద్దకార్యం నాడు ఆ ఇంటికి వెళ్లాను. గేటు తొయ్యగానే కిర్రుమని అరిచింది. లోపలున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. ఆ గేటుకు గొంతుందని మాకు అప్పుడే తెలిసింది. నా వెనకే ఆనాటి పాప తల్లి వచ్చింది, బడికెళ్లే వయసొచ్చిన కూతుర్ని వెంటబెట్టుకుని. గేటు దగ్గర ఆగి, నూనె పెట్టి దువ్విన తన తలమీద అరచెయ్యి అదిమి, ఆ చేత్తో మడతబందును రుద్దింది. మళ్లీ తల నిమురుకుని మళ్లీ రుద్దింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె గేటును ముందుకూ వెనక్కూ ఆడించి చూసి, పిల్లను లోపలికి పంపి, చప్పుడు కాకుండా మూసింది.