ముందు వరస, ఆ తరువాతే వేట్టి

బొమ్మి గురించి చెప్పమంటే నాకు మొదట కోపమే వస్తుంది. చెబుతాను, కానీ మధ్యమధ్యలో తిడతాను. ఎవరూ అడ్డం రావద్దు.

రాజపాళయం పాత బస్టాండు వెనక, మూతపడ్డ దూది గోదాములో ఆదరవు సంగం అని మాదొకటి ఉంది. ఇల్లు కాలినవాళ్లకు, వానకు గోడ కూలినవాళ్లకు, దెబ్బలు తగిలినవాళ్లను ఎత్తుకొచ్చి రక్తం మరకలతో ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డవాళ్లకు అప్పటికప్పుడు కట్టుకోవడానికి బట్టలిస్తాం. ఇంటి పైకప్పు పోతే టార్పాలిన్ ఇస్తాం. రేషన్ కార్డు నీళ్లపాలైతే తాలూకా ఆఫీసుకు తోడు వెళతాం. సంగం పేరు బోర్డు మీదే ఉంది, ఊళ్లో అందరూ గుడ్డలిల్లు అంటారు. సెక్రటరీ బాలకృష్ణన్ సారు రిటైరైన పోస్టుమాస్టరు. వచ్చిన బట్టలను ఉతికించి, ఇస్త్రీ చేయించి, బీరువాల్లో సర్దేది వేదవల్లి, అంటే నేను. వాటిని ఇచ్చేది బొమ్మి.

ఆ ఇవ్వడంలోనే ఉంది తంటా అంతా. మనిషి తడిసి వణుకుతూ వస్తాడా, ముందు కుర్చీలో కూర్చోబెడుతుంది. టీ ఇస్తుంది. తరువాత మొదలు పెడుతుంది. మీది ఏ ఊరు, మీ అమ్మది ఏ ఊరు, మీ అమ్మమ్మను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు... అలా తవ్వి తవ్వి ఒక వరస బయటికి తీస్తుంది. వరస దొరికాకే బీరువా తాళం తీస్తుంది. పాత చీరే అయినా అంచుకు కొత్తబట్టకు పెట్టినట్టు పసుపు పెట్టి, తట్టలో తమలపాకు వేసి, "పిన్నీ, తీసుకో" అనో "మామా, కట్టుకో" అనో ఇస్తుంది. పైగా, పెట్టిన బట్ట పెట్టినవాళ్ల ముందే కట్టుకోవాలట, చంకలో పెట్టుకొని పోతే ఒప్పుకోదు. బయట జనం క్యూలో ముక్కులు చీదుతుంటారు, లోపల ఈమె ఎవరి ముత్తాతనో వెతుకుతుంటుంది.

"ఏమ్మా బొమ్మీ, ఇది అవసర ఉదవి. కల్యాణం కాదు!" అని బాలకృష్ణన్ సారు రోజూ అరుస్తాడు. ఉదవి అంటే సాయం.

"ఉత్తినే ఇస్తే పిచ్చం సార్. వరస పెట్టి ఇస్తే సీరు" అంటుంది బొమ్మి. పిచ్చం అంటే బిచ్చం, సీరు అంటే మా వైపు పుట్టింటివాళ్లు పెట్టే కానుక. క్రైస్తవుల పిల్ల జెన్సి ఒకసారి వస్తే, వాళ్ల పెద్దమ్మా తానూ మిల్లులో ఒకే షిఫ్టు అని చెప్పి అక్కడికక్కడే కూతుర్ని చేసుకుంది.

ఈ వరసల్లో సగం అబద్ధాలని నాకు తెలుసు. బొమ్మికి చెప్పుకోవడానికి మనిషంటూ ఎవరూ లేరు. అమ్మానాన్నా పోయాక, ఓణీ వేసుకునే వయసులో, పక్కింటివాళ్లు తెచ్చి మిల్లు హాస్టల్లో వదిలిపెట్టి పోయారు. మళ్లీ వచ్చి చూసినవాళ్లు లేరు. పెళ్లీ చేసుకోలేదు. నాన్నది మంసాపురం అన్న ఒక్క ముక్క తప్ప తన వంశం గురించి ఆమెకేమీ తెలియదు. ఆ ఒక్క ముక్కతోనే ఊరందరినీ చుట్టాలు చేసుకుంటుంది. నాతో మాత్రం ఏనాడూ వరస కలపలేదు. రోజూ తిట్టేదానితో వరసేమిటి అనుకుందేమో.

పోయిన మార్గశిరంలో మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. నాలుగోనాడు పొద్దున్నే గుమ్మంలోకి ఒకాయన వచ్చాడు. మెడ నుంచి మోకాళ్ల దాకా తెల్లటి కట్టు. నేను గుండె బాదుకున్నాను.

"అయ్యయ్యో, ఒళ్లంతా కాలిపోయినాదా నాయనా?" అని బొమ్మి పరిగెత్తింది.

"కాల్లేదమ్మా. ఇది బ్యాండేజు గుడ్డ" అన్నాడు అతను తల దించుకొని.

పేరు అళగర్. సత్రపట్టిలో బ్యాండేజు గుడ్డ నేసే తరిలో, అదే మగ్గంలో, పని. రాత్రి వానకు ఇంటి గోడ కూలి, బట్టలపెట్టె మట్టి కింద పడింది. ఒంటి మీద ఉన్నది చినిగిపోయింది. చుట్టుపక్కల ఇళ్లూ అదే గతి. తరి దగ్గరికి పోయి, దొరికిన గుడ్డను ఒంటికి చుట్టుకొని బస్సెక్కాడు. అది పల్చటి గుడ్డ కదా, మానం దాచుకోవాలంటే చాలా చుట్లు చుట్టాల్సి వచ్చింది. కండక్టరు చూసి, పాపం, ఒకామెను లేపి సీటిచ్చాడు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును నిదానంగా పొమ్మన్నాడు. నిజం చెప్పడానికి సిగ్గేసి, ఇతను మధ్యమధ్యలో మూలిగాడు కూడా.

"నాకు టార్పాలిన్ ఒకటి ఇయ్యండి, చాలు. గుడ్డలు వద్దు" అన్నాడు.

"ఎందుకు వద్దు? ఇట్లే తిరుగుతావా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మర్నాడు పొద్దున తళవాయిపురంలో అతని చెల్లెలు సత్య కూతురికి చెవులు కుట్టే పండుగ. బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెడితేనే కంసాలి తట్టాన్ సూది పట్టుకుంటాడు. పెళ్లాం కమ్మలు తీసుకొని ముందే వెళ్లింది. మామ కట్టుకోవలసిన కొత్త పంచె, అదే మా వేట్టీ, బిడ్డకు పెట్టవలసిన గౌనూ మట్టిలో కలిసిపోయాయి.

"నేను పోనమ్మా. సత్య అత్త మూక్కమ్మాళ్ నోరు మీకు తెలీదు. తాయ్‌మామ ఇలవస వేట్టి కట్టుకొని వచ్చినాడని బిడ్డ పెండ్లి దాకా చెప్తాది. చెల్లెలు ఆ ఇంట్లో తలెత్తుకొని తిరగాల గదా" అన్నాడు. ఇలవసం అంటే ఊరికే ఇచ్చేది, తాయ్‌మామ అంటే మేనమామ. మామ రాకపోతే బిడ్డను వేరెవరి ఒళ్లోనో పెడతారు, దానికి మామ దిక్కు లేదంటారు.

బొమ్మి కొంగు నడుముకు దోపింది. "ఇలవసం ఎవరిస్తారు? ముందు వరస, ఆ తరువాతే వేట్టి. మీ అమ్మది ఏ ఊరు?"

"మంసాపురం."

అంతే, ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో మంసాపురం పేరు తనంతట తాను రావడం అదే మొదలు. "మా నాయనదీ మంసాపురమే! అయితే మీ అమ్మ నాకు అత్త. నువ్వు అత్తకొడుకువి!" అంటూ లోపలికి ఉరికింది. జరీ అంచు వేట్టి, పసుపు, తమలపాకు, అరటిపండ్లు, అన్నీ తట్టలో పెట్టుకొని వచ్చి రెండు చేతులా చాపింది.

అళగర్ కుర్చీలోంచి ఎగిరి గోడకు ఆనుకున్నాడు. "అమ్మా! అత్తకొడుకంటే కట్టుకొనే వరస! పసుపు పెట్టిన వేట్టి తట్టలో తెస్తే అది నిశ్చయ తాంబూలం గదమ్మా! నాకు పెండ్లాం ఉండాది, అది కొడవలి ఎత్తుకొని వస్తాది!"

క్యూలో ఉన్న ఆడవాళ్లు చలీ గిలీ మరిచిపోయారు. ఒక ముసలావిడ పెళ్లిలో లాగా నాలుక ఆడిస్తూ గట్టిగా కులవ పెట్టింది. బాలకృష్ణన్ సారు కళ్లజోడు తీసి, "చెప్పినానా లేదా, ఇది కల్యాణం కాదని!" అని నామీద అరిచాడు. నేనేం చేశాను మధ్యలో?

బొమ్మి తట్ట వెనక్కి లాక్కుంది. అయినా వదలదే. "ఉండు ఉండు. మీ నాయన వైపు నుంచి వస్తాను. సత్రపట్టిలో మా చిన్నాయన ఒకాయన ఉండినాడు."

"పేరేమి?"

"బాలుసామి."

"సత్రపట్టిలో తెలుగోళ్ల ఇండ్లు అన్నీ నాకు తెలుసమ్మా. ఆ పేరుతో ఎవరూ లేరు" అన్నాడు అళగర్, మెల్లగానే.

బొమ్మి చేతిలో తట్ట కిందికి దిగింది. ఆమె అబద్ధాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. ఇస్తుంటే ఎవరు పట్టుకుంటారు? నాకు మాత్రం ఆ మనిషిని బ్యాండేజుతో సహా బయటికి నెట్టాలనిపించింది.

"నీకు ఎవరూ లేరా అమ్మా?" అన్నాడు అతను.

"లేకుంటే ఏంది? మిల్లు పెంచినాది నన్ను" అని విసుక్కుంది బొమ్మి. "రీలింగులో ఒకామె ఉండేది. దినామూ తూక్కు గిన్నెలో నాకని ఎక్కువ అన్నం తెచ్చేది. కరువాడు కొళంబు. అందరూ చింతపండు పోస్తే ఆమె మామిడి ఒరుగులు వేసేది. ఆమె చేతి కూడు తిని పెరిగినాను, చాలదా?" కరువాడు కొళంబు అంటే ఎండుచేపల పులుసు.

అళగర్ గోడ దగ్గర నుంచి కదిలాడు. "ఆమెకు కుడిచేతి చిటికెన వేలు ఉండిందా?"

"మిషన్‌లో పోయినాది. నీకెట్ల తెలుసు?"

"పేరు కన్నమ్మాళా?"

"అవును..."

అళగర్ అక్కడే మడతపెట్టి ఉన్న టార్పాలిన్ మీద కూలబడ్డాడు. తలెత్తి గట్టిగా అరిచాడు. "అడిపావీ! మా ఇంట్లో దినామూ కరువాడు తక్కువ పడేది. చట్టిలో ఉండేది యాడ పోతాదని మా నాయన ఇల్లెగరేసేవాడు. పిల్లి తినిందని అమ్మ చెప్పేది. ఆ పిల్లి అనుకొని నేను పక్కింటి పిల్లిని ఎన్నిసార్లు కొట్టినానో! నువ్వేనా అది?"

బొమ్మి తట్టను గుండెకు హత్తుకుంది. కళ్ల నిండా నీళ్లు.

"నా వంతు కరువాడు తిన్నావు. తోడబుట్టినోళ్లే గదా అట్ల తినేది" అన్నాడు అతను, రెండు చేతులూ చాపి. "పెట్టక్కా వేట్టి."

"మరి మంసాపురం వరసలో..." అని బాలకృష్ణన్ సారు ఏదో అనబోయాడు. "మీరు నోరు మూసుకోండి సార్" అన్నాను నేను.

బీరువాలో ఉన్నవాటిలో మంచి గౌను నేనే ఏరి ఇచ్చాను. వేట్టి కట్టుకొని, చొక్కా వేసుకొని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లాడు తమ్ముడు.

మర్నాడు పొద్దున సారు ఫోన్ మోగింది. అళగర్. వేట్టి ఎవరు పెట్టారని మూక్కమ్మాళ్ అడిగిందట, అక్క పెట్టిందన్నాడట. ఏ అక్క, నీకున్న ఒక్క చెల్లెలూ మా ఇంట్లోనే ఉంది కదా, అక్కే ఉంటే పండుగకు రాదా అని పట్టుకుందట. బిడ్డను ఒళ్లో పెట్టనివ్వడం లేదు. "అక్కను పంపండి సార్, తట్టాన్ పోతానంటున్నాడు."

ఊరందరి కులగోత్రాలు అడిగే మనిషి, ఆ మాట వినగానే స్టూలు మీద ముడుచుకు కూర్చుంది. "నన్ను ఏమైనా అడిగితే ఏం చెప్పేది వేదక్కా?" అంది.

"వచ్చినవాళ్లందరినీ నువ్వు అడగలేదా? పద, నువ్వూ పడు!" అని చెయ్యి పట్టి లాక్కుపోయాను. ఆమె దారిలో ఆగి కరువాడు పొట్లం ఒకటి కొనింది. శుభకార్యానికి ఎండుచేపలేమిటే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "తిన్నది తిరిగి ఇయ్యాల గదా" అంది. బస్సంతా కంపు. జనం నన్నే చూశారు.

తళవాయిపురంలో ఆ వీధి వీధంతా నైటీలు కుట్టే ఇళ్లే, సత్య కుట్టేదీ అవే. పందిట్లో మూక్కమ్మాళ్ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. బొమ్మిని పైనుంచి కిందికి చూసి, "నువ్వు ఆ ఇంటి మనిషివైతే చెప్పు. మీ అమ్మ కరువాడు కొళంబులో పులుపుకు ఏం వేసేది?" అంది.

నాకు నవ్వు ఆగలేదు.

"మామిడి ఒరుగులు" అంది బొమ్మి. "ముందు నూనెలో వేయించి, ఆ తరువాత పులుసులో వేసేది. దించేటప్పుడు వేసేది కాదు."

వేయించి అన్న మాటకు సత్య పూలు గుచ్చుతున్న సూదీ దారం కింద పడేసి లేచింది. "అందుకేనా నాకు అమ్మ రుసి రాలేదు! అమ్మ పోయినప్పుడు చిన్నదాన్ని, నాకు ఎవరూ చెప్పలేదక్కా!" అని బొమ్మి మెడ పట్టుకొని ఏడ్చింది. మూక్కమ్మాళ్ కరువాడు పొట్లం లాక్కొని, వాసన చూసి, "రేపు వండి పెట్టు" అని కోడలితో చెప్పింది. తరువాత బిడ్డను ఎత్తి తానే మామ ఒళ్లో కూర్చోబెట్టింది. చెవి కుట్టగానే బిడ్డ ఊరు లేచేలా ఏడ్చి, జరీ వేట్టిని పూర్తిగా తడిపేసింది. అళగర్ మొహంలో అంత గర్వం నేను ఇంకెక్కడా చూడలేదు.

మేం బయలుదేరుతుంటే సత్య ఆగమంది. పుట్టింటి ఆడపడుచును ఉత్తచేతులతో పంపకూడదట. ఇలా ఒక అక్క ఊడిపడుతుందని ఎవరికి తెలుసు, ఇంట్లో చీర లేదు. లోపలికి వెళ్లి, ముందురోజే కుట్టి ముగించిన గులాబీ పూల నైటీ తెచ్చింది. తట్టలో తమలపాకు. నైటీ అంచున పసుపు.

ఆ పసుపు చుక్కను బొమ్మి చాలాసేపు చూసింది. ఎన్ని బట్టలకు పెట్టిందో ఆ చెయ్యి. దానికి ఎవరూ పెట్టింది లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఇంటికి పోయి వేసుకో" అన్నాను.

"పెట్టినోళ్ల ముందరే వేసుకోవాల వేదక్కా" అంది. చీర మీదే నైటీ తగిలించుకుంది. అలాగే బస్సెక్కింది. నేను పక్క సీటుకు జరిగాను, నాకు తెలియని మనిషని చెప్పడానికి. కండక్టరు టిక్కెట్టు చించుతూ, ఏమ్మా ఈ వేషం అన్నాడు.

"మా పుట్టింటోళ్లు పెట్టినారు" అంది బొమ్మి. వినపడదేమో అని డ్రైవరుకు కూడా వెళ్లి చెప్పి వచ్చింది.