పూత దగ్గు

మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఫోన్లో మాట్లాడుతుంటే, తలుపు మూసుకోగానే అవతలి గొంతు తెగిపోయింది. పక్కనున్నావిడకీ అదే అయినట్టుంది, ఫోను కంపెనీని తిట్టుకుంది. నేను మాత్రం చుట్టూ ఉన్న రేకు గోడలు చూసి, పాపం, తరంగం లోపలికి ఎలా వస్తుంది అనుకున్నాను. ఆ మాట నాది కాదు, మా పెద్దనాన్నది.

ఎనభైల్లో నేను నూజివీడులో డిగ్రీ చదువుతూ పెద్దనాన్నగారింట్లో ఉండేదాన్ని. ఆయన ఫిజిక్సు లెక్చరరు. విస్సన్నపేట రోడ్డులో ఉన్న మామిడితోట వ్యవహారమంతా పెద్దమ్మదే. కాయ కోసే రోజుల్లో పనికి అడ్డం పడడం తప్ప ఆయన చేసేదేమీ లేదు గనక, ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని వచ్చి నాకు పాఠం మొదలెట్టేవారు. చిన్నరసాల గంపలో కాయల కింద దాన్ని పూడ్చేవారు. గొంతు కాస్త నలిగినా పాడుతూనే ఉండేది. పాలక్యానులో దింపి మూత పెడితే గురగురమని ఆగిపోయేది. కాయలు ఆరబోసే రేకుల షెడ్డులోకి తీసుకెళ్తే మూలిగేది. "తరంగం ఏమీ లేని చోట కూడా నడిచొస్తుందమ్మా. సూర్యుడి వెలుగు అలాగేగా మనదాకా వచ్చేది! అడ్డం ఏముందన్నదొక్కటే చూసుకోవాలి," అనేవారు. కూలీలు పని ఆపి మరీ వినేవారు. పెద్దమ్మ వచ్చి, "ముందా క్యాను ఇటివ్వండి, పాలు పోయించుకోవాలి," అనేది.

మా వైపు తోటలు పూతకొస్తే ఊరంతా దగ్గుతుంది. పుప్పొడి వల్లో, పూతకి కొట్టే మందు వల్లో తెలీదు. దానికి పేరు కూడా ఉంది, పూత దగ్గు. మిరియాల పాలు తాగుతూ పూత రాలేదాకా ఓపిక పడతారు తప్ప దానికోసం ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లరు. ఒక ఏడాది పూతకి పెద్దనాన్న కూడా దగ్గారు. "పిందె కడితే అదే పోతుంది లెండి," అంది పెద్దమ్మ. పిందె కట్టింది. టెంక ముదిరింది. దగ్గు పోలేదు. "ఈసారి పూత ఆలస్యం కదా," అన్నారు ఆయనే. ప్రతిదానికీ కారణం అడిగే మనిషి దీన్నొక్కదాన్నీ అడగలేదు. ఆ కోపం నాకిప్పటికీ తగ్గలేదు.

కోతలు మొదలయ్యాక రుమాల్లో రక్తం కనబడితే, ఒక్కరే బెజవాడ వెళ్లి ఎక్స్‌రే తీయించుకొచ్చారు. మధ్యాహ్నం హాల్లో కిటికీ దగ్గర నిలబడి ఫిల్మును ఎండకు పట్టి చూస్తున్నారు. నేను వెనక నుంచి చూశాను. కుడివైపు నల్లటి ఊపిరితిత్తి మధ్యలో కోడిగుడ్డంత తెలుపు. ఎక్స్‌రే కూడా రేడియో తరంగం లాంటిదేననీ, గాలి నిండిన ఊపిరితిత్తిని దాటి వెళ్లి ఫిల్మును నల్లబరుస్తుందనీ, ఎముకో గడ్డో అడ్డమై దాటలేకపోయిన చోటే తెల్లగా మిగులుతుందనీ అంతకుముందెప్పుడో ఆయనే నాకు చెప్పారు.

పెద్దమ్మ చేతికంటిన సొన తుడుచుకుంటూ వచ్చింది. కాసేపు చూసి, తెల్లటి చోట వేలు పెట్టింది.

"ఇక్కడ శుభ్రంగానే ఉందిగా. మిగతాదే అంతా పొగ పట్టినట్టుంది. దానికి మందిచ్చారా?"

పెద్దనాన్న ఒక్క క్షణం నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఇచ్చారు," అన్నారు. "తెల్లగా ఉన్నచోట భయం లేదు."

ఆ సాయంత్రం పెద్దమ్మ నిమ్మళంగా పక్కింటివాళ్లందరికీ ఆ మాటే చెప్పుకుంది. ఆయన ట్రాన్సిస్టరు తీసుకుని రేకుల షెడ్డులోకి వెళ్లి కూర్చున్నారు. నేను కాఫీ పట్టుకెళ్తే అది మూలుగుతూనే ఉంది. ఆపలేదు, బయటికీ తేలేదు.

మళ్లీ పూత రాకముందే ఆయన పోయారు. పూత మాత్రం వేళకే వచ్చింది. ఊరంతా దగ్గింది, పిందె కట్టగానే అందరికీ తగ్గిపోయింది. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పెద్దమ్మ అదే కిటికీ దగ్గర ఫిల్ము పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంత తెల్లగా ఉందే," అంది. "మరి మనిషి ఎందుకు పోయాడమ్మా?"

జవాబు నాకు తెలుసు. ఫిల్ము ఆవిడ చేతిలోంచి తీసుకుని కవరులో పెట్టేశాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నాలోంచి దాటిపోయాయి. ఆ కిటికీ దగ్గరి మధ్యాహ్నం ఒక్కటే దాటలేదు, ఆగిన చోటే ఇంకా తెల్లగా ఉంది.