సినిమాలో నాన్న గొంతు

ఆ దర్శకుడు పోయిన వార్త చూసినప్పటినుంచీ నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఆయన మా బంధువు కాదు, నేనెప్పుడూ చూసినవాడూ కాదు. కానీ ఎప్పుడో మా దీవుల్లోని జంగ్లీఘాట్‌కి వచ్చి జాలర్ల మీద సినిమా తీశాడు. అందులో మా నాన్న పడవ తోశాడట, ఒక మాట కూడా పలికాడట. మరుసటి వానాకాలంలో నాన్న జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు నడక కూడా సరిగా రాలేదు. ఇంట్లో ఆయన ఫోటో ఉంది గానీ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. అమ్మను అడిగితే, "గొంతునేటి సెప్తాం, గొంతులాగే ఉండీది" అని పనిలో పడిపోతుంది.

ఆ సినిమా మా దీవులకు రానే లేదు. ప్రింటు పాడైపోయిందన్నారు. ఆ దర్శకుడు తీసినవే కొద్ది సినిమాలు. అన్నీ రెక్కాడితేగానీ డొక్కాడని వాళ్ళ మీదే. స్టార్లను పెట్టుకోలేదు, అప్పట్లో వారం ఆడితే గొప్ప. ఇప్పుడేమో పేపర్లన్నీ సామాన్యుడి గొంతు వినిపించిన మహానుభావుడని రాశాయి. బతికుండగా గుక్కెడు గంజి పోయనివాళ్ళు చచ్చాక గోదానం చేసినట్టుంది వరస. ఏమైతేనేం, ఆ ఊపులోనే ఎవరో ప్రింటు బాగుచేయించి నెట్‌లో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో పెట్టాను. సిగ్నల్ అందక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. లేచాను, కూర్చున్నాను, బయట ఆటోల మోత వినపడకుండా కిటికీ మూశాను, మాట సరిగా వినపడదని ఫ్యాను కూడా ఆపేశాను. అమ్మ మాత్రం చేపలు తోముతూ కదలదు.

"అమ్మా, నీకు దండం పెడతాను, వచ్చి కూర్చో."

"బైఠ్ బేటీ. సినిమా ఎక్కడికీ పారిపోదు" అంది అమ్మ, దీవుల్లో అబ్బిన హిందీ కలిపి.

చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటికి ఇసుకలో పడవ పక్కన నాన్న కనిపించాడు. ఫోటోలోకన్నా సన్నగా ఉన్నాడు. కెమెరా పక్కకు చూస్తూ, "మనకు అన్నం పెట్టేదీ సముద్రమే, ప్రాణం తీసేదీ సముద్రమే" అన్నాడు. గంభీరమైన గొంతు. ఇన్నేళ్ళకు మా నాన్న గొంతు విన్నానని ఏడుపు ఆగలేదు.

"అది మీ అయ్య గొంతు కాదే" అంది అమ్మ.

ఒళ్ళు మండిపోయింది. సామాన్యుడి గొంతట, సామాన్యుడి గొంతు. పోయిన మనిషని కూడా చూడకుండా ఆ దర్శకుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎందుకలాగ తిడతావు? మీ అయ్యకి ఆ డైలాగు నోరు తిరగలేదు. పొద్దు పోతంది. 'ఏదో ఒకటి అనీ భయ్యా, పెదాలు కదిలితే చాలు, వేరే గొంతు మద్రాసులో పెట్టుకుంటాం' అన్నాడా సారు. ఎనక్కి తిప్పు. ఆవాజ్ తీసీ."

సౌండ్ తీసేశాను. నాన్న మళ్ళీ అటే చూశాడు. పెదాలు కదిలాయి. వాటితోపాటే అమ్మ పలికింది.

"ఏటే, గుంట ఏడస్తంది. పాలియ్యి."

నేను తెర వదిలి అమ్మ వైపు తిరిగాను.

"కెమెరా పక్కనే ఉన్నాను నాను, నిన్నెత్తుకుని. నన్నేటి సూస్తావు, అటు సూడు. నీకేసే సూస్తన్నాడు."