చార్జర్ తీసి చూడండి సార్

ఈ అరబ్బు దేశంలో, ముఐథర్ అనే పేటలో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంట్లో మేడమ్ లాప్‌టాప్‌కు నెట్ నిలిచేది కాదు. పది నిమిషాలు వచ్చేది, పోయేది. మళ్ళీ కలిపితే వచ్చేది, మళ్ళీ పోయేది. అప్పుడు మేడమ్ పెద్ద చదువు చదువుతోంది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చదువు చెప్పే తల్లుల గురించి ఏదో పరిశోధన. వారానికి మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి ప్రొఫెసర్‌తో లాప్‌టాప్‌లో మాట్లాడేది. మాట మధ్యలో ఆ ప్రొఫెసర్ ముఖం బిగుసుకుపోయి నిలబడిపోయేదట. లోపల్నుంచి "మాఫీ నెట్! మాఫీ నెట్!" అని, అంటే నెట్ లేదని, కేక వినిపిస్తే, గేటు పక్కన గదిలో ఉన్న నాకు కూడా టైము తెలిసిపోయేది.

ఆ ఇంట్లో సలహాలకు కరువు లేదు. సార్ వెస్ట్ బేలో పెద్ద ఉద్యోగం చేస్తాడు. ఇంట్లో ఫోన్లు ఎక్కువైనందువల్లే అన్నాడు. వంటావిడ శ్రీలంక ఆమె; ఆపి మళ్ళీ వేయమంది. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళ మనిషి ఒకడు వచ్చాడు. బూట్లకు నీలం కవర్లు తొడుక్కుని, గోడమీది డబ్బాలో లైట్లు వెలుగుతున్నాయో లేదో కాసేపు తదేకంగా చూశాడు. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. దానికి నిచ్చెన ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. చివరికి వసారాలో ఇంకో డబ్బా బిగించి, "మాది బాగానే ఉంది, లాప్‌టాప్‌దే తప్పు" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయాడు. ఆ డబ్బా వచ్చాక కూడా నెట్ అలాగే పోయింది. లైట్లు మాత్రం రెట్టింపయ్యాయి.

నన్ను ఎవరూ అడగలేదు. అడుగుతారని నేను అనుకోలేదు కూడా. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. తరువాత కడప వైపు మా ఊళ్ళో, కోర్టు ఎదురుగా ఒక నెట్ సెంటర్‌లో ఆరేళ్ళు పనిచేశాను. ప్రతి చేతిలోకీ ఫోను వచ్చి ఆ సెంటర్ మూతపడ్డాక డ్రైవింగ్ నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. వీసాలో హౌస్ డ్రైవర్ అని ఉంది. ఇక్కడ మనిషి అంటే వీసాలో రాసినంతే.

మేడమ్ పుట్టిల్లు అల్ వక్రాలో. అక్కడి వీధిలో ఒక లాప్‌టాప్ షాపు ఉంది, అక్కడి ఇంజనీరు చాలా గట్టివాడు అని ఎవరో ఆమెకు చెప్పారు. ఆమెను తల్లి ఇంట్లో దించి, లాప్‌టాప్ సంచీ పట్టుకుని నేను అక్కడికి వెళ్ళాను. పాస్‌వర్డ్ ఒక చిన్న కాగితం మీద రాసిచ్చింది.

గట్టివాడు మన తెలుగువాడే. మెడలో ట్యాగు, మెడచుట్టూ ఇయర్‌ఫోను పట్టీ, బల్లమీద సన్నని స్క్రూడ్రైవర్ల వరుస. నా ఫోనులో మా ఆవిడతో నేను మాట్లాడిన రెండు ముక్కలు విని ముఖం వెలిగించుకున్నాడు.

"మనవాళ్ళేనా! ఎక్కడండీ మీది?"

"కడప పక్కన సార్."

"మాది భీమవరం అండి. మీరేం చేస్తుంటారు ఇక్కడ?"

"హౌస్ డ్రైవర్."

"ఓహో." ఆ ఒక్క ఓహోతో 'మీరు' వెళ్ళిపోయింది. "సరే, ఇటివ్వు. అక్కడ కూర్చో."

నాకంటే పదేళ్ళయినా చిన్నవాడు. నేను కూర్చోలేదు. అతను లాప్‌టాప్ తీసి, సంచీలోంచి చార్జర్ తీసి గోడకు పెట్టి, షాపు నెట్‌కు కలిపి ఒక క్రికెట్ వీడియో పెట్టాడు. గంటసేపు వీడియో ఆడింది, ఒక్కసారి కూడా తెగలేదు. ఆ గంటా అతను ఆట చూశాడు. దాన్నే పరీక్ష అంటారని తరువాత తెలిసింది.

"ఏ ప్రాబ్లమూ లేదు. మీ ఇంట్లో రౌటర్‌దే తప్పు. మేడమ్‌తో అలా చెప్పు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ వెనక సీట్లో లాప్‌టాప్ తెరిచి, తన ఫోన్ నెట్‌కు కలుపుకుంది. ముప్పావు దారి రాకముందే రెండుసార్లు పోయింది. ఇంటి రౌటర్ ఎక్కడో మైళ్ళ దూరంలో ఉంది, ఫోను ఆమె పక్కనే ఉంది. ఇక రౌటర్‌ది తప్పెలా అవుతుంది? షాపులో గంట ఆడింది, బండిలో పది నిమిషాలు ఆడలేదు. అక్కడున్నది, ఇక్కడ లేనిది ఏమిటి? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలో చూశాను. చార్జర్ సంచీలోనే ఉంది.

ఇంట్లో కూడా అంతే అయి ఉంటుందనిపించింది. "బల్ల దగ్గర బాగానే వస్తుంది, సోఫాలో రాదు" అని మేడమ్ సార్‌తో అనడం విన్నాను. బల్ల దగ్గర సిగ్నల్ బాగుందని సార్ తేల్చేశాడు. బల్ల దగ్గర ప్లగ్ ఉందని ఎవరికీ తట్టలేదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు, కరెంటు పొదుపు చేయాలని కొన్ని లాప్‌టాప్‌లు నెట్ పట్టే చిప్పునే పడుకోబెడతాయి. పడుకున్నది ఒక్కోసారి లేవదు. నెట్ సెంటర్ రోజుల్లో ఇలాంటివి నాలుగైదు చూశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు అతను మళ్ళీ ముందుగా చార్జర్ వైపే చెయ్యి చాచాడు. ఉండబట్టలేక అన్నాను. "చార్జర్ తీసి చూడండి సార్. బ్యాటరీ మీద ఉంటేనే పోతోంది."

అతను నన్ను చూసి, పక్క బల్ల దగ్గర పనిచేసే కేరళ అతన్ని చూసి నవ్వాడు. "ఏంటి బాబాయ్, నెట్‌కీ చార్జర్‌కీ సంబంధం ఏంటి? నెట్ గాలిలోంచి వస్తుంది. నువ్వు బండి చూసుకో, ఫైన్ వేస్తారు అక్కడ."

బండి సరైన చోటే ఉంది. అయినా బయటికి వచ్చి బండి దగ్గరే నిలబడ్డాను. ఇంత ధీమాగా తెలియకపోవడం కూడా ఒక విద్యే. దానికి ఇయర్‌ఫోను పట్టీ, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఎదుట ఒక డ్రైవరు ఉంటే చాలు.

గంటన్నర తరువాత పిలిచి ఇచ్చాడు. "సిస్టమ్ మొత్తం తీసేసి కొత్తగా వేశాం. ఫ్రెష్‌గా ఉంది."

"లోపల ఫైళ్ళు?"

"ఫార్మాట్ అంటే ఫార్మాటే కదా. బ్యాకప్ కస్టమర్ బాధ్యత. షీట్‌లో రాసుంటుంది, చూస్కో."

మేడమ్ రాసుకున్న వ్యాసం ఈమెయిల్‌లో ఉంది కాబట్టి బతికింది. కానీ ఆ తల్లులతో మాట్లాడి, వాళ్ళ మాటలన్నీ నెలల తరబడి టైపు చేసి పెట్టుకున్నవి అందులోనే ఉన్నాయి. అవి పోయాయి. వక్రా నుంచి వచ్చే దారంతా ఆమె వెనక సీట్లో ఏడ్చింది, చప్పుడు కాకుండా. నేను లోపలి అద్దాన్ని కప్పు వైపుకు తిప్పేశాను.

అతన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. తిడుతూ ఉండగానే నెట్ సెంటర్‌కు వచ్చే దస్తావేజుల రాతగాడు గుర్తొచ్చాడు. ఇష్టం లేకపోయినా చెబుతాను. కోర్టు ముందు చెట్టుకింద కూర్చుని దస్తావేజులు రాసే పెద్దాయన. ముసలితనంలో కంప్యూటర్ కొనుక్కుని, తాను రాసిన నమూనాలన్నీ రెండేళ్ళు కూర్చుని ఒక్కవేలితో టైపు చేసుకున్నాడు. స్లో అయిందని నా దగ్గరికి తెచ్చాడు. నాకు ఆ రోజు సినిమాకు పోవాలి. చూడకుండానే "ఫార్మాట్ కొట్టాల, ఇంకేం దారి లేదు" అన్నాను, కొట్టాను. తరువాత ఆయన ఖాళీ తెర చూసి, "నా కాగితాలేవి నాయనా?" అన్నాడు. "బ్యాకప్ పెట్టుకోవాల గదా పెద్దాయనా" అన్నాను. అచ్చం ఆ గొంతుతోనే. ఆయన కంప్యూటర్ డబ్బాను రిక్షాలో పెట్టించుకుని పోయాడు. మళ్ళీ చేత్తోనే రాసుకుంటూ కనిపించేవాడు. నన్ను చూస్తే కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు, పలకరించే పని లేకుండా. కాబట్టి భీమవరం అతని జాతి ఏదో నాకు బాగా తెలుసు. ఆ జాతిలో నేను ఆరేళ్ళు ఉన్నాను.

ఫార్మాట్ తరువాత కూడా నెట్ పోతూనే ఉంటే మళ్ళీ తీసుకెళ్ళాను. మూడోసారి అతను "నెట్ కార్డు పోయింది, కొత్తది తెప్పించాలి, వారం పడుతుంది" అన్నాడు. ఈసారి నేను నోరు తెరవలేదు. లాప్‌టాప్ తెచ్చేశాను.

ఆ రోజు నాలుగింటికి మేడమ్ ప్రొఫెసర్‌తో మాట్లాడాలి. చదువు ముగించడం ఎలాగో తేల్చుకునే మాటలు. వక్రా నుంచి వచ్చే రోడ్డు మీద ఏదో యాక్సిడెంట్, బళ్ళు కదలడం లేదు. నాలుగయింది. ఆమె వెనక సీట్లోనే లాప్‌టాప్ తెరిచింది. ఆరు నిమిషాలకు పోయింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ పోయింది. అరబ్బీలో ఏదో అని మూత దబ్బున మూసింది.

వెనక సీట్లో మాటలు డ్రైవర్ వినకూడదు. విన్నా వినలేదన్నట్టు ఉండాలి. ఏడేళ్ళుగా అలాగే ఉన్నాను. కానీ ఆ రోజు అన్నాను. "మేడమ్, మీ సీటు కింద ప్లగ్ ఉంది. చార్జర్ పెట్టి చూడండి."

"బ్యాటరీ నిండా ఉంది" అంది విసుగ్గా.

"అయినా పెట్టండి మేడమ్. ఒక్కసారి."

మా బండి పెద్దది. వెనక మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది, పిల్లల ఆటలకు తప్ప ఎవరూ వాడరు. ఆమె చార్జర్ పెట్టింది, నా మాట మీద నమ్మకంతో కాదు, ఇంకేం చేయాలో తెలియక. ప్రొఫెసర్ తెరమీదికి వచ్చాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. బళ్ళు కదిలాయి, మేం ముఐథర్ చేరాం, గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టాను. అరగంట పైగా ఒక్కసారి కూడా తెగలేదు. అయ్యాక ఆమె తానే చార్జర్ పీకి, గడియారం చూస్తూ కూర్చుంది. తొమ్మిది నిమిషాలకు నెట్ పోయింది.

"షూఫ్! చూడు, పోయింది!" అని గట్టిగా నవ్వింది. నెట్ పోయినందుకు ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

నేను ముందు సీట్లోంచి కదలకుండా చెప్పాను, ఎక్కడ నొక్కాలో. లాప్‌టాప్‌లో ఉన్న పరికరాల జాబితా తెరవమన్నాను, నెట్ కార్డు పేరు మీద నొక్కమన్నాను, కరెంటు పొదుపు అన్న చోటికి పొమ్మన్నాను. "పొదుపు కోసం దీన్ని ఆపవచ్చు అని ఒక టిక్ గుర్తు ఉంటుంది. అది తీసెయ్యండి." ఆమె తీసేసింది. అంతే పని. నిచ్చెన అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ఎవరి ఫైళ్ళూ పోనక్కర్లేదు.

"ఇది నీకెలా తెలుసు?" అంది.

"కంప్యూటర్లే చదివాను మేడమ్."

ఆమె చార్జర్ తీగ చుట్టి సంచీలో పెట్టింది. తరువాత కొంచెం కంగారుగా అడిగింది. "మరి డ్రైవింగ్? అది కూడా నిజంగా నేర్చుకున్నావు కదా?"

నేర్చుకున్నానని చెప్పాను.

ఆ తరువాత ఆ లాప్‌టాప్‌కు నెట్ పోలేదు. మేడమ్ పోయిన మాటల కోసం ఆ తల్లుల్ని మళ్ళీ కలుసుకుని, కొందరితోనైనా మళ్ళీ మాట్లాడి, చదువు ముగించింది. సార్‌కు మాత్రం ఆ షాపు ఇంజనీరే బాగుచేశాడని నమ్మకం. మేడమ్ రెండుసార్లు చెప్పింది, ఆయన తల ఊపాడు, మర్నాడు ఎవరికో ఫోనులో ఆ షాపుకే వెళ్ళమని చెబుతున్నాడు. డ్రైవర్ బాగుచేశాడని చెప్పడం ఆయనకు నోటికి రాదనుకుంటాను.

కార్డు వద్దని చెప్పడానికి నేను ఆఖరిసారి వక్రా షాపుకు వెళ్ళాను. కారణం కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అదా! పవర్ సేవింగ్" అన్నాడు భీమవరం అతను, ఫోనులోంచి తల ఎత్తకుండా. "అది మాకు తెలుసు. స్టాండర్డ్ సెట్టింగే అది."

"మరి చెయ్యలేదేం సార్?"

"సింప్టమ్ నువ్వు సరిగా చెప్పాలి కదా బాబాయ్. బ్యాటరీ మీద పోతోందని చెప్తే నిమిషంలో చేసేవాణ్ణి."

నేను అతని ముఖం చూశాను. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. నేను చెప్పిన సంగతి అతనికి నిజంగానే గుర్తులేదు. డ్రైవర్ మాట చెవిన పడింది, అక్కడే రాలిపోయింది. అబద్ధమైతే కోపం వచ్చేది. దీనికి కోపం కూడా దండగ.

బయట బండి తలుపు తీస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. నలభై దాటిన మనిషి, సైటు బూట్లు, చంకలో గుడ్డ సంచీ. షాపులో బెంచీ మీద కూర్చుని మా మాటలు విన్నాడట.

"అన్నా, జర నాది జూస్తవా? మాది జగిత్యాల దిక్కు. లేబర్ క్యాంపుల నెట్ ఒస్తది, పోతది. బిడ్డ మొకం జూద్దామంటే ఆగుతనే లేదు. ఆయన చిప్పు పోయిందన్నడు."

బండి బానెట్ మీద లాప్‌టాప్ తెరిచాం. పాతదే, కానీ శుభ్రంగా ఉంది. నా ఫోన్ నెట్‌కు కలిపి, చార్జర్ లేకుండా పావుగంట నడిపాను. ఒక్కసారి పోలేదు. క్యాంపులో ఎంతమంది ఒకే నెట్ వాడతారని అడిగాను. మొత్తం బ్లాకు అన్నాడు.

"అన్నా, దీనికి ఏ రోగం లేదు. డ్యూటీ అయినాక అందరూ ఒకేసారి పట్టుకుంటారు గదా, అందుకే పోతాంది. అందరూ లేని టైములో మాట్లాడుకో. చిప్పు గిప్పు మార్పించుకోవద్దు."

అతను లాప్‌టాప్‌ను, నన్ను, నా యూనిఫాం చొక్కాను మార్చి మార్చి చూశాడు. "నువ్వు కంపెనీల కంప్యూటర్ పని జేస్తవా అన్నా?"

"లేదు, ఇంటి డ్రైవర్ని."

"అట్లనా." లాప్‌టాప్ మూసి జాగ్రత్తగా సంచీలో పెట్టుకున్నాడు. "మంచిదన్నా. కానీ ఆయన ఇంజనీర్ గదా, మిషిన్ పెట్టి జూసి చెప్పిండు."

నాకు షుక్రన్ అని థాంక్స్ చెప్పి, రోడ్డు దాటి, షాపు తలుపు తోసుకుని లోపలికి పోయాడు. షాపు అద్దంలోంచి చూస్తుండగా భీమవరం అతను లేచి, సంచీలోంచి లాప్‌టాప్ తీసి, చార్జర్ కోసం చెయ్యి చాచాడు. అప్పుడే మేడమ్ ఫోను. ఎక్కడున్నావు, యల్లా, త్వరగా రా, పిల్లల బడి వదిలే టైమయింది. వస్తున్నానని చెప్పి బండి తీశాను.