క్యాట్ పరీక్షా, మటన్ ఆదివారమూ

సౌదీ వచ్చిన కొత్తలో మా ఇంట్లో మటన్ పెద్ద సమస్యయి కూర్చుంది. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకటేశ్వరస్వామిది. ఆ రెండు రోజులూ మా ఆవిడ నీచు ముట్టదు. తినదగిన ఆదివారం వచ్చేసరికి ఆవిడ బడికీ నేను ఆఫీసుకీ పరుగెత్తాలి. ఆవిడ రియాద్‌లో మనవాళ్ళ పిల్లలు చదివే బడిలో అకౌంట్స్ చెబుతుంది. నేను విజయవాడలో చాలాకాలం పత్రిక డెస్కులో పనిచేసి, ఇప్పుడు ఇక్కడొక కంపెనీకి వార్తాలేఖలు రాస్తున్నాను.

ఈ సమస్యకు తీర్పు చెప్పినవాడు మా బావమరిది. తూర్పు తీరాన రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, ఎడారి దాటి రియాద్ మలాజ్ పేటలోని మా ఇంట్లో వాలతాడు.

"సెలవెప్పుడో అదే ఆదివారం అక్కా. ఇక్కడి శుక్రవారాన్ని ఆదివారం అనుకో, ఆదివారాన్ని శుక్రవారం అనుకో. అమ్మవారికి దీపం ఆ రోజు పెట్టు. ఆవిడకీ లోటుండదు, నాకూ ఉండదు."

"అమ్మవారి సంగతేమో గానీ, నీ సంగతి మాత్రం బాగా చూసుకున్నావురా."

అన్నదే గానీ ఒప్పుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో శుక్రవారమే ఆదివారం. "ఆదివారం వస్తున్నావా?" అని ఆవిడ ఫోనులో అడిగితే, వాడు శుక్రవారం జుమ్మా నమాజు విడిచే వేళకు మెట్లెక్కుతూ ఉంటాడు. అసలు ఆదివారం సాయంత్రం బడినుంచి వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టి "ఇవాళ శుక్రవారం కదండీ" అంటుంది. కొన్నేళ్ళకు మాకది వింతగా తోచడం కూడా మానేసింది.

ఇలా ఉండగా, ఒకరోజు కూరగాయలు తరుగుతూ ఆవిడ ప్రకటించింది. "నేను క్యాట్ రాస్తాను."

మా వీధిలో ప్రతి కారు బానెట్ మీదా ఒక పిల్లి నిద్రపోతూ ఉంటుంది. వాటిలో ఒకదాన్ని ఇంటికి తెస్తానంటోందేమో అనుకున్నాను.

"పిల్లి కాదండీ, ఎంట్రన్సు. మన దేశంలో పెద్ద పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీలకు రాసేది."

"ఈ వయసులోనా?"

"వయసు పరిమితి లేదట. డిగ్రీలో సగానికి సగం మార్కులుంటే చాలట, అవి నాకెప్పుడో వచ్చాయి." కత్తి పక్కన పెట్టింది. "ఇక్కడి నివాస కార్డు మీద నేను మీ డిపెండెంట్‌ని. ఎన్నేళ్ళయినా అంతే. ఎలాగూ మీ కాంట్రాక్టు అయ్యాక వెళ్ళిపోతాం కదా. వెళ్ళేటప్పటికి నాకంటూ ఒక చదువు, ఒక దారి ఉండాలి. ఈసారి రాయకపోతే ఇక రాయను, నాకు తెలుసు."

నవ్వులాటగా మొదలైన మాట అక్కడికి వచ్చేసరికి నవ్వులాటగా లేదు. నేను కూరగాయల పళ్ళెం నా వైపు లాక్కున్నాను.

దరఖాస్తు మా భోజనాల బల్ల మీద, మరో ఆదివారం నాడు, అంటే శుక్రవారం నాడు, నింపాం. డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం, ఫోటో, సంతకం, అన్నీ అడిగింది. ఆవిడకు నచ్చిందేమిటంటే, డిపెండెంటా కాదా అని ఎక్కడా అడగకపోవడం. పరీక్షా కేంద్రం దేశం బయట లేదు. ఇష్టమైన ఊళ్ళు వరుసగా చెప్పమంది.

"తిరుపతి పెట్టక్కా," అన్నాడు బావమరిది ఎముక పీలుస్తూ. "పనిలో పనిగా దర్శనం కూడా అయిపోద్ది."

"ఆ నీచు నోటితో స్వామి పేరెత్తకు. హైదరాబాదే మొదటిది."

ఆ తర్వాత ఇల్లంతా పరీక్షే. మూడు భాగాలు: ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం, పట్టికలూ చిక్కుముడులూ, లెక్కలు. దేని సమయం దానిదే. గంట కొట్టాక వెనక్కి వెళ్ళడం కుదరదు. కొన్నిటికి తప్పు జవాబిస్తే ఉన్న మార్కుల్లో కోత. నాకు కొరుకుడుపడనిది పర్సంటైల్.

"తొంభై పర్సంటైల్ అంటే తొంభై మార్కులు కాదండీ. రాసిన నూరుమందిలో తొంభైమంది మన వెనక ఉన్నారని."

"అంటే మనం బాగా పరుగెత్తామని కాదు, వెనకవాళ్ళకు ఆయాసం వచ్చిందని."

"మీ పత్రికల గొప్పలు అంతేగా? ఎంతమంది చదివారని ఎప్పుడు చెప్పారు? పక్క పత్రికకంటే ఎక్కువన్నదేగా!"

చిక్కుముడుల సాధన మా మీదే జరిగేది. అన్నం వడ్డిస్తూ, "ఒరేయ్, గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురున్నారు. బావ నీకు కుడివైపు లేడు, నేను బావకు ఎదురుగా లేను..." అని మొదలుపెట్టేది.

"అక్కా, ముక్కలు ఎవరికి దగ్గరగా ఉన్నాయో చెప్పు. మిగతాది నేను తేల్చేస్తా."

బడిలో సెలవు దొరకడం అంత తేలిక కాలేదు. పరీక్ష నవంబరు ఆఖరి ఆదివారం. ఆ మర్నాడే, సోమవారం నుంచి, పిల్లలకు అర్ధసంవత్సర పరీక్షలు. ఆదివారం ఒక్కరోజే ఇస్తాననీ, సోమవారం ఉదయం గేటు దగ్గర కనిపించాల్సిందేననీ ప్రిన్సిపాల్ గట్టిగా చెప్పారు. ఇక ఆవిడ దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ అనుమతి నేనే ఫోనులో ఇవ్వాలి. కాగితాల ప్రకారం ఆవిడకు కఫీల్‌ని, అంటే పూచీదారుని, నేనే.

"కఫీల్ గారూ, తమరి దయ," అంది చేతులు జోడించి.

"సాయంత్రం పకోడీలు వేస్తే ఆలోచిస్తాం."

విమానం టికెట్ తన కానుకన్నాడు తమ్ముడు. "పరీక్షెప్పుడక్కా?" అని ఫోనులో అడిగాడు. "నవంబరు ఆఖరి ఆదివారంరా. ఒకటి రెండు రోజులు ముందుగా చేరాలి," అంది. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరూ మంచి తెలుగే మాట్లాడుకున్నారు.

హాల్ టికెట్ వచ్చాక, ఒక మధ్యాహ్నం కుక్కరు స్టౌ మీద ఉండగా, వాడు విమానం టికెట్ కాగితం తెచ్చి పళ్ళెంలో పెట్టి అక్కకు అందించాడు. ఆవిడ సంతోషంగా చదవడం మొదలుపెట్టి, సగంలో ఆగింది.

"బుధవారం రాత్రి వెళ్ళడమేంట్రా? గురువారం నాకు బడి."

"శుక్రవారం పరీక్ష కదక్కా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఆదివారం అన్నావు."

"శనివారం తిరుగు ప్రయాణం! పరీక్ష ముందురోజు వెనక్కి వచ్చేసి ఏం రాయనురా, నీ తలరాతా?"

వాడు నా వైపు చూశాడు. కుక్కరు కూత పెట్టింది. పత్రికలో చేరిన మొదటి రోజు మాకు నేర్పే పాఠం, వారం రాస్తే పక్కనే తేదీ రాయమని. అదెంత గొప్ప పాఠమో నాకప్పుడు బోధపడింది.

"ఆ తీర్పు ఇచ్చింది నువ్వే కదరా," అన్నాను.

"బావా, ఎర్రగా మండుతుంటే మీరు విసనకర్ర పట్టుకోకండి."

ఆవిడ తిట్టలేదు, అందుకే నాకు భయం వేసింది. టికెట్ ఒక చేత్తో, హాల్ టికెట్ ఒక చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. బావమరిది ఫోను తీశాడు. వెళ్ళడానికి గురువారం రాత్రి సీటు దొరికింది. రావడానికే చిక్కు. ఆదివారం సాయంత్రం హైదరాబాదు నుంచి రియాద్‌కు ఒక్క సీటు లేదు. సోమవారం వస్తే బడి ఊరుకోదు. చాలాసేపు ఫోనుతో కుస్తీపట్టి తలెత్తాడు.

"అక్కా, దమ్మాంకి ఉంది. నాకు దగ్గరే. విమానం దిగగానే కారెక్కించుకుని, రాత్రికి రాత్రే నేరుగా బడి గేటు దగ్గర దించుతా. గుండ్రటి బల్ల చుట్టూ తిప్పినట్టే, కానీ చేరతావు."

ఆవిడ లేచి కుక్కరు దించింది. ఆ పూట వడ్డించింది. చివర్లో తీర్పు తనే చెప్పింది.

"ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో శుక్రవారం శుక్రవారమే, ఆదివారం ఆదివారమే."

"మరి మటన్?"

"శుక్రవారం లక్ష్మీదేవి. శనివారం వెంకన్న. ఆదివారం నువ్వు రాస్ తనూరాలో ఉంటావు."

పరీక్ష రాసింది. సోమవారం ఉదయం సూట్‌కేసుతో సహా బడి గేటు దగ్గర దిగింది. తమ్ముడు అక్కడే కారులో నిద్రపోయాడట. ఎలా రాశావంటే, "లెక్కలు పూర్తికాకముందే గంట కొట్టింది. మిగతావి పర్లేదు," అంది. అంతకుమించి నేనూ అడగలేదు, వాడూ అడగలేదు. వాడు ప్రతి శుక్రవారమూ వస్తూనే ఉన్నాడు. పప్పుచారూ వంకాయ వేపుడూ తిని, "బాగుందక్కా" అని నీరసంగా అనేవాడు.

ఫలితాలొచ్చాయి. ఆకాశానికెత్తే పర్సంటైల్ కాదు. వెనక నిలబడ్డవాళ్ళు మాత్రం మేం అనుకున్నదానికంటే ఎక్కువమందే. కొన్నాళ్ళకు ఒక కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు. దాన్ని రెండుసార్లు చదివి, వారం, తేదీ నా చేత పైకి చదివించుకుని, తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, ఈ ఆదివారం రారా."

స్పీకర్లో వాడి గొంతు జాగ్రత్తగా వినిపించింది.

"ఏ ఆదివారం అక్కా?"

"మటన్ ఆదివారం."