అటు తిరిగి నిలబడే సారు

మా సారు పోయారన్న కబురు పొద్దున ఆరింటికి మా పదో తరగతి గ్రూపులో వచ్చింది. చదివి ఏడవలేదు, ముందు నమ్మలేదు. ఎవరు చెప్పారని అడిగాను. నేనే కాదు, గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అదే అడిగారు: "ఎవురు సెప్పినారు? నువ్వు సూసినావా?" ఏ కబురైనా ఇంకొకరికి పంపేముందు ఆ రెండు ప్రశ్నలూ అడగమని నేర్పింది ఆయనే. చివరికి మాలో ఒకడు రాప్తాడులో సారు ఇంటికే వెళ్లి, వాకిట్లోంచి ఫోన్ చేసి నిజమేనన్నాడు. ఆయన పాఠం ఆ ఒక్క కబురునైనా అబద్ధమని తేల్చి ఉంటే ఎంత బాగుండేది.

ధర్మవరం దగ్గర మా బడిలో ఆయన లెక్కలు చెప్పేవారు. కంప్యూటర్ గది తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉండేది. నాలుగు కంప్యూటర్లలో పనిచేసేది ఒకటే, అదీ కరెంటు ఉంటే. అందుకని ఫోన్ల గురించి, ఓటీపీల గురించి, ముక్కూమొహం తెలియని వాళ్ల స్నేహాల గురించి శనివారం చివరి పీరియడులో సుద్దముక్కతోనే చెప్పేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన శెనక్కాయలు ఉండేవి. సరిగ్గా జవాబు చెప్తే రెండు కాయలు, తప్పు చెప్తే నాలుగు. అదేం న్యాయమని అడిగితే, తప్పు చెప్పినవాడే ఎక్కువ ఆలోచించి ఉంటాడు, వాడికే ఆకలి అనేవారు. మాలో కొందరు కావాలనే తప్పులు చెప్పేవాళ్లు.

ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా ఆయన గోడవైపు తిరిగేవారు. హెడ్మాస్టరైనా, ఆరో తరగతి పిల్లయినా ఒకటే. చూపు తిప్పుకోవడం కాదు, మనిషే పూర్తిగా అటు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "అయిపోయినాదా?" అని అడిగి, అయిందంటేనే ఇటు తిరిగేవారు. మేం అయిపోయినా కాలేదని చెప్పి, ఆయన్ని గోడకేసి నిలబెట్టి కిసుక్కున నవ్వుకునేవాళ్లం. ఆయన తెలిసే నిలబడేవారని ఇప్పుడు నా అనుమానం.

మాలో సగం మందివి నేత ఇళ్లు. కొత్త రకం కొంగు నేస్తున్నప్పుడు గడపలో అలికిడైతే చాలు, మా నాయన మగ్గం మీద గుడ్డ కప్పేసేవాడు. సారు ఆ గుడ్డనే పాఠం చేసుకున్నారు. "మీ నాయన గుడ్డ కప్పేది తప్పు పని చేసినాడని కాదప్పా. ఎవురికి, ఎప్పుడు సూపియ్యాలో చెప్పాల్సింది ఆయప్ప గనక. మీ ఫొటో, మీ పేరు, మీ ఊరు అంతే" అన్నారు. ప్రైవసీ అన్న మాటకు నాకు ఈనాటికీ అంతకంటే మంచి అర్థం దొరకలేదు.

అంతటి మనిషీ ఒకసారి బోల్తాపడ్డారు. ఆ ఏడాది విత్తే అదను దాటిపోతున్నా చినుకు లేదు. మూడు రోజులు జోరు వాన అని ఫోన్లో ఏదో వస్తే, సారు దాన్ని ఊరందరికీ పంపారు. జనం విత్తనాలు దించుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఒక్క చుక్క పడలేదు. సోమవారం ఆయన బోర్డు ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నారు. "అడగాల్సిన రెండు మాటలూ అడగల్యా. వాన అనంగానే చెయ్యి నిలబడల్యా." మేం ఆ రోజు నవ్వలేదు. తప్పు చేస్తే ఈయనతో చెప్పుకోవచ్చని మాత్రం మనసులో పడింది.

తొమ్మిదో తరగతిలో నాకు ఆ అవసరం వచ్చింది. బెంగళూరు అమ్మాయినంటూ ఫోన్లో ఒకరు పరిచయమయ్యారు. నెల తిరిగేసరికి ప్రాణస్నేహం. మగ్గం మీంచి అప్పుడే కోసిన పట్టుచీర కట్టుకుని, ఫొటో తీసి పంపాను. అది పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారుకు అప్పగించాల్సిన చీర. అలాంటి చీర ఒంటిమీద వేసుకోవడం కంటే పెద్ద తప్పు మా ఇంట్లో లేదు. మర్నాడే ఆ మెసేజీల తీరు మారిపోయింది. తాను చెప్పినట్టు ఇంకో ఫొటో తీసి పంపకపోతే, ఈ ఫొటో మా నాయనకూ షావుకారుకూ చేరుతుందని బెదిరింపు. అది అమ్మాయి కాదని అప్పటికి తెలిసొచ్చింది. నాయనకు తెలిస్తే నా చదువు ఆగిపోతుందని నాలుగు రోజులు ముద్ద దిగలేదు.

శనివారం నేను శెనక్కాయలు వద్దన్నాను. సారు అందరినీ పంపేసి, వరండాలో కూర్చోబెట్టి ఏమైందని అడిగారు. చెప్పలేక ఫోన్ తీశాను. నేను తాళం తీస్తుంటే, అప్పుడు కూడా, ఆయన గోడవైపు తిరిగారు. తర్వాత, "నేను సదవొచ్చునా పాపా?" అని అడిగారు. ఆ ఒక్క మాటకు నాలుగు రోజుల ఏడుపూ ఒక్కసారి వచ్చేసింది.

చదివి ఫోన్ నా చేతికే ఇచ్చారు. "ఏమీ తుడిపేయొద్దు. జవాబియ్యొద్దు. నువ్వు చేసింది చిన్న తప్పు, వాడు చేస్తాండేది నేరం. రెండూ ఒకే గాట కట్టొద్దు."

సాయంత్రం మా ఇంటికి వచ్చి, మగ్గం గుంత పక్కన నేలమీదే కూర్చుని మా నాయనకు అంతా చెప్పారు. నాయన ముందు చీర గురించే మండిపడ్డాడు. సారు ఆయన్ని పూర్తిగా అరవనిచ్చారు. ఆ తర్వాత, "అన్నా, చీర మడత సరిచేయొచ్చు. పాప నీకు చెప్పుకోల్యాక నాకు చెప్పింది. వాడి బలమంతా ఆ భయంలోనే ఉండాది" అన్నారు. నాయన మర్నాడు మాతోపాటు పోలీసు స్టేషనుకు వచ్చాడు. షావుకారుకు చీర సంగతి తనే చెప్పుకున్నాడు. ఆ నంబరు నుంచి మళ్లీ ఏమీ రాలేదు, నా చదువు ఆగలేదు. ఇప్పుడు పామిడిలో నేనూ ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆయన రుణం నేను తీర్చుకోగలిగేది కాదు.

కబురు తెలిసిన రోజు మేం పదిహేను మందిమి రాప్తాడు చేరాం. పటం కట్టించడానికి ఫొటో కావాల్సొచ్చింది. మంచివన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయట. ఫోన్‌కు తాళం ఉంది. సారు భార్య, తనకొక్కదానికే ఆ అంకెలు చెప్పారని, ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆమె మొదటి అంకె నొక్కబోతుండగా, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, మేం పదిహేను మందిమీ గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం.

కాసేపటికి ఆమె, "అయిపోయినాది, తిరగండమ్మా" అంది.

మాలో ఎవరికీ ఇటు తిరగబుద్ధి కాలేదు.